నూట నలభై ఎనిమిది గ్రాములు

ముప్పై ఒక్క ఏళ్లు సోత్కామో పోస్టాఫీసులో
త్రాసు పక్కన నిలబడ్డదాన్ని.
కవరు అరచేతికి తగిలిందంటే చాలు,
ఎన్ని గ్రాములో, ఎన్ని స్టాంపులో
కళ్లకంటే ముందు నోరు చెప్పేసేది.
నేను దిగిపోయే రోజున ఆ త్రాసునూ దింపేశారు,
ఇద్దర్నీ కలిపి ఇంటికి పంపారు.

ఇవాళ దాని పళ్లెంలో డిస్కులు.
పసుపు, నారింజ,
లింగన్‌బెర్రీ రసం మరక లాంటి ఎరుపు ఒకటి.
అడుగున కలంతో రాసిన అంకెల్ని నేను నమ్మను.
నూట యాభై అని రాసింది
నూట నలభై ఎనిమిదే తూగింది.
రెండు గ్రాములేగా అంటారు మీరు.
రెండు గ్రాములకు పెళ్లి శుభలేఖల కట్టనే
వెనక్కి తిప్పి పంపినదాన్ని నేను.

కౌకో నవ్వాడు.
మా భాషలో ఆ పేరుకు దూరం అని అర్థం.
అరవై తొమ్మిదేళ్ల దూరం.
సంచి నిండా నూట డెబ్బై ఐదులే,
"బరువుంటేనే గాలి లెక్కచేస్తుంది రాకెల్,
ఇది పిల్లల బొమ్మ."
అతని డిస్కు బయల్దేరడం మహారాజులానే బయల్దేరుతుంది.
సగం దారిలో
ఇల్లు గుర్తొచ్చిన గుర్రంలా
ఎడమకు తిరిగి కూలబడుతుంది.
ఏడాదికేడాది ఆ ఇల్లు దగ్గరికొస్తోంది.
ఆ మాట నేనెప్పుడూ అనలేదు.

కొట్లో అమ్మాయి మింత్తు
నా భుజాన్ని చూసింది, ముఖాన్ని కాదు.
సంచులు మోసి మోసి అరిగిన భుజం,
ఆపరేషన్ అయ్యాక వానకు ముందే కబురు చెబుతుంది.
"చెయ్యి నెమ్మదించాక
బరువైన డిస్కు మాట వినదు.
తేలికది తీసుకో. వేళ్లు బిగించు, భుజం వదిలెయ్.
బయటి అంచు కాస్త నేలకు వాల్చి వదులు,
అదే సర్దుకుని లేస్తుంది.
ఎదురుగాలిలో మాత్రం సంచిలోంచి తియ్యకు,
వెల్లకిలా పడుతుంది."

ఏడో బుట్ట సరస్సు పాయకు అవతల.
మూడేళ్లుగా నేను ఒడ్డు పట్టుకుని
మూడు విసుర్లలో చుట్టి వెళ్లేదాన్ని,
బిల్లు కట్టలేనివాడు కొట్టు ముందునుంచి
తప్పుకు పోయినట్టు.

ఆ రోజు గాలి వెనకనుంచి.
విసిరాను. ఆశ ఎక్కువైంది,
అంచు వాల్చడం మరిచాను.
ఎర్రది కుడికి కుడికి ఒరిగి
నీళ్లలో పడింది.
"స్నానం!" అన్నాడు కౌకో.
అది మునగలేదు.
గాలి నెడుతుంటే, తొందర లేకుండా,
బాతుల్ని పలకరిస్తూ
అవతలి ఒడ్డుకే చేరింది,
చిరునామా సగం చెరిగిపోయిన ఉత్తరంలా.
లెక్క ప్రకారం ఒక దెబ్బ శిక్ష.
శిక్షే రాసుకున్నాను.

రెండోసారి పసుపుది.
బలం పెట్టలేదు.
త్రాసులో ఆఖరి గ్రాము వేసేటప్పుడు
ఊపిరి ఎలా బిగబడతామో అలా.
వాలి వెళ్లింది, నిలువుకొచ్చింది,
కుడికి జరిగింది, ఇక పోయిందనుకున్నాను,
లేదు, నీళ్ల మీద గాలి దానికింద చెయ్యి పెట్టింది.
నేను విసిరినది అయిపోయాక కూడా
అది వెళ్తూనే ఉంది.
ఆ మిగతా దూరం ఎవరిదో నాకు తెలియదు.
చివర్న కాస్త ఎడమకు వంగి
బ్లూబెర్రీ పొదల్లో కూర్చుంది.
బుట్టకు పదకొండు అడుగులు.
మూడుసార్లు తప్పాను ఆ పదకొండు అడుగుల్లోనే,
అది వేరే సంగతి.

రాత్రి తొమ్మిదింటికి, ఇంకా వెలుతురే,
కౌకో నా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.
చంకలో తన నీలం డిస్కు.
మాట్లాడకుండా పళ్లెంలో పెట్టాడు.
ముల్లు ఊగి ఊగి ఆగింది.
"నూట డెబ్బై ఐదు. అంకె సరిగ్గానే ఉంది," అన్నాను.
"అదే మరి," అని
కుర్చీ లాక్కున్నాడు.
కాఫీ పెట్టాను.
డిస్కు త్రాసులోనే ఉండిపోయింది.